కుట్లు రాని కంపౌండరు

ఎవరింట్లో గోడకు పటం కట్టిన కాగితం ఉన్నా, అది ఆ మనిషికి ఏం వచ్చో చెబుతుంది. ఐలేశం ఇంట్లో ఉన్న పటం మాత్రం ఆయనకు ఏం రాదో చెప్పేది. కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర, నడుమ ఇంగ్లీషులో ఒక్క వాక్యం: ఈ మనిషి గాయాలకు కుట్లు వేయడానికి పనికిరాడు. ఫెయిలైన కాగితానికి అద్దం కట్టించినవాడు నల్గొండ జిల్లాలో ఇంకొకడు ఉంటాడని నేను అనుకోను. గుమ్మం ఎక్కగానే కనబడేట్టు, దేవుడి పటాలకంటే ముందు దాన్నే వేలాడదీశాడు. ఎందుకంటే ఆ రోజుల్లో ఇంటికి దేవుడికంటే ముందు పోలీసులు వచ్చేవాళ్లు.

ఐలేశం పద్మశాలి. చిట్యాలకు రెండు కోసుల దూరంలో తంగెడుపల్లి అనే ఊళ్లో సాలెవాడలో పుట్టాడు. ఏడో ఏట గుంటమగ్గం దగ్గర తండ్రి పక్కన కూర్చుని తెగిన పోగులు అతకడం మొదలుపెట్టాడు. పడుగులో పోగు తెగితే రెండు కొసలూ పట్టి, ఒక కొసను నాలుకకు తాకించి తడి చేసి, రెప్పపాటులో ముడి వేయాలి. ఆ ముడి నువ్వుగింజంత ఉండాలి, మగ్గం అచ్చు పళ్లలోంచి జారిపోవాలి, లాగితే ఊడకూడదు. సాలోళ్ల పిల్లలకు నడక ఎప్పుడు వచ్చిందో తల్లులు మరిచిపోవచ్చు గానీ, పోగు ముడి ఎప్పుడు వచ్చిందో మరిచిపోరు.

ఇరవయ్యో ఏట ఊళ్లో గత్తర, అదే కలరా, వచ్చింది. మందుల పెట్టెతో వచ్చిన సర్కారు డాక్టరు సాబు, తన వెంట తిరిగి సాయం చేసిన ఈ కుర్రవాడి వేళ్లు చూసి ముచ్చటపడ్డాడు. దవాఖానలో పెట్టుకున్నాడు, ఆరు నెలలు హైదరాబాదుకు పంపి కంపౌండరు పని వచ్చని ఉర్దూలో సనదు పత్రం ఇప్పించాడు. గాయానికి కుట్లు వేయడం ఆయనే నేర్పాడు. ఎన్నిసార్లు డాక్టర్ల ముడి చూపించినా ఐలేశం వేళ్లు మాత్రం పోగు ముడే వేసేవి. ఒకరోజు డాక్టరు సాబు ఆ ముడిని చిమటాతో, చిన్న పటకారుతో, పట్టి లాగాడు, మళ్లీ లాగాడు, చివరికి చిమటా పక్కన పెట్టాడు.

"ఠీక్ హై. నీ ముడి నువ్వే వేసుకో. మగర్ దారం నోట్లో పెడితే మాత్రం చెయ్యి ఇరగ్గొడ్త."

ఆ నోటి అలవాటు మాన్పించడానికి ఆయన దారానికి క్వినైన్ పొడి రాసి ఇచ్చేవాడట. ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఐలేశానికి తిన్నదంతా చేదుగానే ఉండేదని ఆయన భార్య వెంకటనర్సమ్మ చెప్పేది. "నా వంట మీద పెట్టిన వంకలన్నీ గా క్వినైనుకే పోవాలె" అని కూడా అనేది.

ఇరవై నాలుగేళ్లు గడిచాయి. డాక్టరు నెలకు రెండుసార్లు వచ్చి పోయేవాడు, మిగతా రోజులు తంగెడుపల్లి దవాఖానకు ఐలేశమే దిక్కు. గొడ్డలి దెబ్బ, కొడవలి గాటు, తాటిచెట్టు మీంచి పడ్డ దెబ్బ, ఏదైనా ఆయన చేతి కిందికే వచ్చేది. పక్కింటి నాగులమ్మ నుదుటికి గడప తగిలి చీరుకుపోతే ఐదు కుట్లు వేశాడు. మచ్చ ఎంత సన్నగా పడిందంటే, పైన బొట్టు పెడితే వెతుక్కోవాల్సిందే. కుట్లు విప్పాక ముడులు పోతాయి, మచ్చలే మిగులుతాయి. మచ్చ ఎవరి చేతిదో చెప్పదు. ముడి చెబుతుంది. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోవాలి.

తర్వాత పోలీసు యాక్షన్ వచ్చింది. నిజాం సర్కారు పోయింది, రజాకార్లు పోయారు, యూనియన్ సర్కారు వచ్చింది. కానీ సంగపోళ్లు, అంటే సంఘంలో చేరి పోరాడిన కమ్యూనిస్టులు, తుపాకులు దించలేదు, గుట్టల్లోనే ఉండిపోయారు. వాళ్లను పట్టడానికి ఊరూరా పోలీసు క్యాంపులు పెట్టారు. తంగెడుపల్లి క్యాంపు, దొర వదిలిపోయిన గడీలో పెట్టారు. గడీకి ఎదురుగానే దవాఖాన.

ఆ మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఎవరో గొల్లాయన దవాఖాన ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కంపౌండర్ సాబ్, బర్రె ఈనలేక పానం పోతాంది. జర రాండ్రి."

"నేను మనుషుల కంపౌండర్ని. బర్రెలకు వేరే ఉంటరు."

గొల్లాయన గడీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "గీ బర్రె మాట్లాడుతది సాబ్. రాండ్రి."

ఊరికి మైలు దూరంలో గొర్రెల దొడ్డి. గొర్రెల నడుమ గొంగడి మీద పడుకున్నవాడు బీరన్న. ఒకప్పుడు అదే దొడ్డిలో గొర్రెలు కాసిన కురుమ పిల్లగాడు, ఇప్పుడు దళంలో ఉన్నాడు. తూటా తొడను చీల్చుకుంటూ పోయింది, లోపల ఏమీ ఉండిపోలేదు. ఐలేశం గాయం కడుగుతుంటే బీరన్న పళ్లు బిగబట్టి అన్నాడు:

"మామా, నొప్పి లేకుంట కుట్టు."

"నొప్పి లేకుంట కుట్టేటందుకు నువ్వు బట్టవు కాదుర."

ఏడు కుట్లు పడ్డాయి. గొర్రెలు చుట్టూ నిలబడి చూశాయి. సాక్ష్యం చెప్పలేని సాక్షులు అంతకంటే దొరకరని ఐలేశం అనుకున్నాడు. లేస్తూ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు: "పదోనాడు ఇప్పించుకో. గప్పటిదాంక ఉరుకకు. ఉరికితే కుట్లు పిగులుతయి."

బీరన్న మాట వినే మనిషి. ఐదోనాడు పోలీసులు చుట్టుముడితే తక్కినవాళ్లు ఉరికారు, ఇతను నడిచాడు. దొరికాడు. కంపౌండరు చెప్పిన జాగ్రత్త పాటించి జైలుకు పోయినవాడు ఆయన వైద్యంలో అతనొక్కడే. 

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. బీరన్న తొడ మీద కుట్లు ఇంకా దారాలతోనే ఉన్నాయి. జైలు దవాఖానలో వాటిని విప్పినప్పుడు రెండు ముడులు అగ్గిపెట్టెలో పెట్టించి, క్యాంపు జమేదారు తన జేబులో వేసుకున్నాడు. దళం వాళ్లకు కుట్లు వేసినవాడు ఎవడో దొరకాలి. బీరన్నను ఎంత కొట్టినా పేరు చెప్పలేదు. ఇక మిగిలింది ముడి.

జమేదారు కోస్తా మనిషి, ఓపికమంతుడు. అగ్గిపెట్టె పట్టుకుని దర్జీకి చూపించాడు, చెప్పులు కుట్టేవాడికి చూపించాడు, పశువుల కాపర్లకు చూపించాడు. ఒకనాడు సాలెవాడకే వచ్చాడు. వాడలో పెద్దవాడు సిద్దయ్య మగ్గం దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఇలాంటి ముడి ఎప్పుడైనా చూశావా?"

సిద్దయ్య అగ్గిపెట్టెలోకి వంగి చూశాడు. తల పైకెత్తి ఆలోచించాడు. మళ్లీ చూశాడు. "లేదు దొరా. గిసొంటి ముడి మా తాతలు గూడ చూసి ఎరుగరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కుడిచేతి వేళ్ల మధ్య అదే ముడి సగం వేసి ఉంది. జమేదారు భుజం మీది తువ్వాల ఆ వాడలోనే నేసింది, దానిలో ఇలాంటి ముడులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడానికి ఒక పూట పడుతుంది. వాడ వాడంతా వచ్చి చూసి, ముక్కు మీద వేలేసుకుని, ఇదేదో పరదేశం ముడి అని తేల్చారు.

తర్వాత జమేదారు దవాఖాన గురించి అడగడం మొదలుపెట్టాడు. అక్కడ ఊరి జనం ఐలేశాన్ని కాపాడటానికి కాస్త ఎక్కువ ఉత్సాహమే చూపించారు.

"గాయ్నకు కుట్లా?" అంది నాగులమ్మ. "అయ్యో దొరా, అంగీ గుండీ ఊడితే ఇంటామె కుట్టియ్యాలె. మందునీళ్లు పోసుడు తప్ప గాయ్నకేం రాదు."

"మరి నీ నుదుటి మీద మచ్చ?"

"గిదా? గడప తాకింది. పసుపు పెట్టిన, మానింది."

"పసుపుతో ఇంత నున్నగా మానిందా?"

"మంచి పసుపు దొరా."

గోడ అవతల ఐలేశం ఇదంతా విన్నాడు. ప్రాణం నిలబెట్టే మాటలే. అయినా ఆ పూట అన్నం ముందు కూర్చుని ముద్ద కలపలేదు.

"పసుపంట!" అన్నాడు.

"గుండీ సంగతైతే నిజమే గద" అంది వెంకటనర్సమ్మ.

ఇలా ఉండగా నల్గొండ నుంచి హుకుం వచ్చింది. పాత సనదులు ఇక చెల్లవు. జిల్లాలోని కంపౌండర్లందరూ ఫలానా తేదీన పెద్ద దవాఖానలో పరీక్షకు హాజరు కావాలి. పాసైనవాళ్లకు కొత్త సర్కారు సర్టిఫికెట్, నౌకరీ ఉంటాయి. ఫెయిలైనవాళ్లు వేరే పని చూసుకోవాలి, లేదా దవాఖానలో కిందిపని చేసుకోవాలి. మౌఖికం ఉంటుంది, మందులు కలపడం ఉంటుంది, చివరగా పెద్ద డాక్టరు ముందు మూడు కుట్లు వేసి చూపాలి. హుకుంతోపాటే ఇంకో కబురు: ఆ గదిలో జమేదారు కూడా కూర్చుంటాడు, అగ్గిపెట్టెతో సహా.

ఐలేశం కాగితం మడిచి భార్య ముందు పెట్టాడు.

"పోకుంటే?"

"పోకుంటే వాడే అని పట్టుకపోతరు."

"పోతే?"

"మంచిగ కుడితే జైలు. కరాబు కుడితే నౌకరీ పోతది."

వెంకటనర్సమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్లేరింది. "జైల్ల నీకు నేను అన్నం తేలేను" అంది చివరికి. "కరాబు కుట్టు."

తీర్పు అయింది. పాటించడమే కుదరలేదు.

పెరట్లో సొరపాదు బాగా కాసిన కాలం. ఒక సొరకాయ కోసుకొచ్చి, కత్తితో గాటు పెట్టి, ఐలేశం కరాబుగా కుట్టడం సాధన మొదలుపెట్టాడు. సూది దూర్చాడు, దారం లాగాడు, ముడి వేశాడు. చూస్తే పోగు ముడి. విప్పబోతే విప్పడానికి రాదు, కోయాల్సిందే. మళ్లీ వేశాడు. మళ్లీ అదే. నిదానంగా వేశాడు, కళ్లు మూసుకుని వేశాడు, గోడ వైపు తిరిగి వేశాడు. వేళ్లు వాటి దారిన అవి పోయేవి.

"పుట్టి ఒక్కటంటే ఒక్క చెడ్డపని నేర్చుకుందమంటే గది గూడ రాకపాయె నీకు" అంది వెంకటనర్సమ్మ, సొరకాయ కదలకుండా పట్టుకుని.

"జర నోరు మూసుకుంటవా?"

"ఎడమచేత్తోని ఎయ్యి."

ఎడమచేత్తో వేశాడు. అది ఇంకా సన్నగా వచ్చింది.

"నీకు యాడ కోపమొస్తదో గది యాది చేసుకో. మా తమ్ముని యాది చేసుకో. వాని పేరు చెప్తెనే నీ చెయ్యి వణుకుతది గద."

బావమరిదిని తలుచుకున్నాడు. పెళ్లినాడు అతను అలిగిన సంగతి, ఎద్దు అరువు తీసుకుని కుంటిది తిరిగిచ్చిన సంగతి. చెయ్యి వణికింది. ముడి వదులుగా, వంకరగా, ముద్దగా పడింది. లాగితే ఊడింది. మొగుడూ పెళ్లాలిద్దరూ దాన్ని చూసి, పండగనాడు పాయసం పొంగినంత సంబరపడ్డారు. ఆ వెంటనే ఐలేశం ముఖం తిప్పుకున్నాడు. అలాంటి ముడి తన చేతి నుంచి వచ్చినందుకు ఆయనకు ఏడుపొచ్చింది.

పది రోజులు సాధన. పది రోజులు సొరకాయ కూర.

పరీక్షనాడు నల్గొండ పెద్ద దవాఖాన వరండాలో పన్నెండు మంది కంపౌండర్లు వరుసగా నిలబడ్డారు. అందరిలో చిన్నవాడు ఇస్రాయేలు, మిషను దవాఖానలో పని నేర్చుకున్న పిల్లగాడు, ఇస్త్రీ చొక్కా. పెద్దవాడు ఐలేశం. మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన, అద్దాలు పెట్టుకున్న సన్నటి డాక్టరు అడిగిన ప్రశ్నలకు ఐలేశం తడుముకోకుండా చెప్పాడు. మందులు చుక్క తేడా లేకుండా కలిపాడు. డాక్టరు తల ఊపి పుస్తకంలో ఏదో రాసుకున్నప్పుడల్లా ఐలేశం గుండెలో చిన్న దీపం వెలిగేది, వెంటనే దాన్ని ఆయనే ఊదేసుకునేవాడు.

తర్వాత కుట్లు. తెల్ల పింగాణీ పళ్లేల్లో గాటు పెట్టిన గొర్రె తోలు ముక్కలు పెట్టారు. గుమ్మం దగ్గర కుర్చీలో జమేదారు. పొద్దున్నే ఆయన అగ్గిపెట్టె తెరిచి డాక్టరుకు చూపించి, "ఈ చెయ్యి కనిపిస్తే నాకు సైగ చెయ్యండి" అని చెప్పడం వరండాలో ఉన్నవాళ్లందరూ చూశారు.

ఐలేశం బావమరిదిని తలుచుకుని మొదటి కుట్టు వేశాడు. వదులుగా పడింది. కుంటి ఎద్దును తలుచుకుని రెండోది వేశాడు. చెయ్యి తీయకముందే జారింది. ఇంకొక్కటి. ఒక్కటి వేస్తే అయిపోతుంది, నౌకరీ పోతుంది, ఇంటికి పోవచ్చు.

మూడోదానికి దారం కొస పురి విడి సూది బెజ్జంలో దూరలేదు. ఒకసారి గుచ్చాడు, పోలేదు. రెండోసారీ పోలేదు. తోలు మీద గాటు నోరు తెరుచుకుని చూస్తోంది. ఇరవై నాలుగేళ్ల కింద క్వినైన్ తినిపించి మాన్పించిన అలవాటు ఎక్కడ దాక్కుని ఉందో, సరిగ్గా అప్పుడే లేచింది. దారం కొస తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

పక్కవాడు చూసి ఫక్కున నవ్వాడు. ఇంకొకడు "థూ, థూ" అన్నాడు. గది గదంతా నవ్వింది. ఐలేశానికి ఆ నవ్వు వినపడలేదు. నాలుకకు పోగు తగలగానే మగ్గం వచ్చేసింది, తండ్రి వచ్చేశాడు, ఏడేళ్ల వయసు వచ్చేసింది. వేళ్లు తిరిగాయి. కిందికి చూసేసరికి గాటు అంచులు రెండూ కలిసిపోయి ఉన్నాయి, పైన నువ్వుగింజంత ముడి.

నవ్వు విని డాక్టరు అటు నుంచి వచ్చాడు. నవ్వు విని జమేదారు కుర్చీలోంచి లేచాడు.

డాక్టరే ముందుగా చేరాడు. వంగి చూశాడు. చిమటా కొసతో ముడిని పట్టి లాగాడు. మళ్లీ లాగాడు. అప్పుడు తలెత్తి ఐలేశం ముఖంలోకి చూశాడు.

"మీవాళ్లు ఏం పని చేస్తారు?" అన్నాడు, పెదవి కదిలీ కదలకుండా.

"మగ్గం, దొరా." నోరు జారిన తర్వాత తెలిసింది, తను చెప్పింది తన కులవృత్తి కాదు, నేరం.

కత్తెర చప్పుడైంది. ముడి తెగి, దారం తునకతో సహా రక్తపు గుడ్డల బొక్కెనలో పడింది. ఆ వెంటనే డాక్టరు గది దద్దరిల్లేలా అరిచాడు.

"నోట్లో పెట్టిన దారంతో మనుషులకు కుట్లు వేస్తావా? ఎవరయ్యా నిన్ను కంపౌండర్ని చేసింది? ఇవి కుట్లా, గోనెసంచి మూతులా? పో, అవతలికి పో!"

జమేదారు వచ్చి చూసేసరికి తోలు మీద రెండు వదులు కుట్లు, నోరు తెరిచిన గాటు మిగిలాయి. ఆయన కూడా నవ్వాడు. "వీడా! ఊళ్లోవాళ్లు అబద్ధం చెబుతున్నారనుకున్నానే. పాపం, నిజమే చెప్పారు."

సాయంత్రం కాగితాలు పంచారు. వరండాలో డాక్టరు ఎదురుపడితే ఐలేశం దారికి అడ్డం నిలబడ్డాడు. దండం పెడదామనే నిలబడ్డాడు గానీ, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"దొరా, మూడో కుట్టు... మంచిగ పడ్డదా?"

ప్రాణం దక్కిన మనిషి అడగాల్సిన మాటేనా అది? డాక్టరు అటూ ఇటూ చూశాడు.

"మూడోదేంటి? నువ్వు వేసింది రెండే" అని పక్కనుంచి నడిచిపోయాడు.

ఆ కాగితం ఐలేశాన్ని క్యాంపు జాబితా నుంచి తప్పించింది. జమేదారు చదివి, పక్కవాడికి చదివి వినిపించి, నవ్వి, తిరిగిచ్చాడు. పటం కట్టించడం వెంకటనర్సమ్మ ఆలోచన. దవాఖానలో కంపౌండరు కుర్చీలోకి ఇస్రాయేలు వచ్చాడు. ఐలేశం బండలు తుడిచేవాడు, నీళ్లు కాచేవాడు, చీటీల్లోని పేర్లు పిలిచేవాడు. ఇస్రాయేలు మంచివాడే. "పెద్దయ్యా" అని పిలిచేవాడు. గాయాలకు కుట్లు వేసేటప్పుడు ఐలేశం లాంతరు గ్లాసు తుడిచే పని పెట్టుకుని బయటికి పోయేవాడు. ఆ గ్లాసంత తళతళలాడే గ్లాసు తాలూకాలో ఎక్కడా లేదు.

ఆ ఏడు జొన్నకోతల్లో ఒకరోజు ఇస్రాయేలు మందుల కోసం నల్గొండకు పోయాడు. జమేదారు చలిజ్వరంతో వచ్చి, దవాఖాన అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నం నాగులమ్మను ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని తెచ్చారు. కొడవలి జారి కుడి అరచెయ్యి అడ్డంగా తెగింది. కొంగంతా నెత్తురు.

నాగులమ్మ మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికే మనిషి. రాట్నం ఎడమచేత్తో తిప్పాలి, కుడిచేతి వేళ్ల మధ్య నుంచి పోగు జారాలి. ఆ చెయ్యి పోతే పొయ్యి వెలగదు.

ఐలేశం చెయ్యి కడిగి చూశాడు. లోతుగానే ఉంది గానీ, ఆ గడియలో కుడితే నిలుస్తుంది. తొమ్మిది కుట్లు. ఎక్కడెక్కడ పడాలో ఆయన కళ్లకు కనబడుతున్నాయి కూడా. లేచి బీరువా తెరిచి సూదుల డబ్బా తీశాడు. డబ్బా మూత చప్పుడుకు జమేదారు దుప్పట్లోంచి తల బయటపెట్టాడు.

"ఏయ్, నీకు కుట్లు రావు కదా. రాని పని చేసి ఆమె చెయ్యి పాడుచేస్తావా ఏంటి?"

ఆయన దయతోనే అన్నాడు. అనుమానంతో అన్నా ఇంత బాధ ఉండేది కాదేమో. ఐలేశం డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక్క ముడి వేస్తే అగ్గిపెట్టె బయటికి వస్తుంది. వెయ్యకపోతే ఈ చెయ్యి పోతుంది. 

ఆ నిలబడటం నాగులమ్మ చూసింది. నెత్తురు పోయి ఆమె ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"గాయ్నకు రాదు దొరా" అంది జమేదారుతో. తర్వాత ఐలేశం వైపు తిరిగింది. "నీకు రాదు గద మామా. గుడ్డ కట్టు. చాలు."

ఐలేశం గుడ్డ కట్టాడు. అంత గట్టి కట్టు, అంత నీటుగా ఆయన ఎప్పుడూ కట్టలేదు. ఎడ్లబండి కట్టించి నల్గొండకు పంపాడు. బండి చేరేసరికి పొద్దు గూకింది, కుట్లు పడేసరికి మర్నాడైంది, అప్పటికే చెయ్యి వాచింది. చీము పట్టింది. రెండు నెలలకు మానింది గానీ చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోయాయి.

రెండేళ్లకు సంగపోళ్లు తుపాకులు దించారు. క్యాంపు లేచిపోయింది. గడీలో మళ్లీ గబ్బిలాలు చేరాయి. జమేదారు పోతూ పోతూ అగ్గిపెట్టె ఎక్కడ పారేశాడో ఎవరికీ తెలియదు. అందరూ ఐలేశాన్ని మళ్లీ పరీక్ష రాయమన్నారు. అర్జీ పెట్టుకున్నాడు. నాలుగు నెలలకు జవాబు వచ్చింది: ఒకసారి పనికిరాడని తేలిన మనిషికి మళ్లీ పరీక్ష పెట్టే వీలు నిబంధనల్లో లేదు. ఐలేశం ఆ కాగితాన్ని కూడా జాగ్రత్తగా మడిచి పటం వెనక దోపాడు. దవాఖాన పని మాని మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు.

ఆ తర్వాత బీరన్న జైలు నుంచి వచ్చాడు. మొదట సాలెవాడకే వచ్చాడు. అరుగు మీద కూర్చుని పంచె పైకి లాగి తొడ చూపించాడు.

"సూడు మామా, మచ్చ గూడ సరిగ లేదు. జైల్ల నన్ను ఎవ్వడు నమ్మలే, తూటా దెబ్బంటే."

ఐలేశం మచ్చ చూడలేదు. "కుట్లు ఇప్పినప్పుడు డాక్టరు ఎవరుండె?"

"మద్రాసాయన. సన్నగ, అద్దాలు పెట్టుకుంటడు."

ఐలేశం దగ్గరికి జరిగాడు. "ఏమన్నడు?"

"ఏమంటడు? నొప్పున్నదా అన్నడు. లేదన్న."

"ముడి సంగతి ఏమన్న అన్నడా?"

బీరన్న ఆయన ముఖంలోకి వింతగా చూశాడు. "ముడి సంగతి ఎవడన్న అంటడా మామా? నీ పేరు చెప్పమని నన్ను తలకిందులు ఏలాడదీసిండ్రు. ముడి మంచిగున్నదా అని ఆ డాక్టర్ని నేనడగాల్నా?"

ఐలేశం సిగ్గుపడ్డాడు. లేచి లోపలికి పోయి అతనికి మజ్జిగ తెచ్చాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వినా, ఆ ప్రశ్నకు జవాబు మాత్రం దొరకలేదు, ఇక దొరకదు కూడా.

నాగులమ్మ ఇప్పుడు ఐలేశం మగ్గానికే కండెలు చుడుతుంది. మూడు వేళ్లతోనే. ఇదివరకు చుట్టే దాంట్లో సగం కూడా కావు. పోగు తెగితే ఆ చేత్తో అతకలేదు, కూతురికి ఇస్తుంది. మొన్నొకనాడు కూతురు ఇంట్లో లేదు. తెగిన రెండు కొసలూ పట్టుకుని లేచి, మగ్గం గుంట దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

ఐలేశం ఆ ముడుచుకున్న వేళ్లు చూడకుండా కొసలు అందుకున్నాడు. ఒకదాన్ని నాలుకకు తాకించాడు. ముడి వేసి తిరిగిచ్చాడు.

నాగులమ్మ దాన్ని మూడు వేళ్లతో పట్టి లాగింది. ఇంకోసారి గట్టిగా లాగింది.

"ఊడుతలేదు" అంది.

"ఊడది."

"మరి గంత పరీక్షల ఎట్ల ఫెయిలైతివి మామా?" ఎగతాళి చేసింది. నుదుటి మీది మచ్చ ముడతల్లో కలిసిపోయింది.

ఐలేశం మగ్గం తొక్కుడు పలక మీద కాలు పెట్టాడు, తీశాడు. పేక పోగు విసిరే నాడె చేతిలోకి తీసుకుని మళ్లీ పక్కన పెట్టాడు.

"రెండే ఏసిన బిడ్డా" అన్నాడు, ఆనాడు వరండాలో డాక్టరు అన్న మాటే. "మూడోది ఎయ్యనియ్యలే."

 నాగులమ్మ పోయి రాట్నం ముందు కూర్చుని ఎడమచేత్తో తిప్పడం మొదలుపెట్టింది.